తోటమ్మ గారి బెంచీ

పెళ్ళయిన నలభై ఒకటో రోజు ఆదివారం పడింది. రోజులు లెక్కపెట్టడం ఇక చాలించమని మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, ఎన్నిసార్లు దెప్పినా నాకా అలవాటు పోలేదు. ఏం చెయ్యను? ఒక్కో రోజుకీ ఒక్కో ముచ్చట ఉంది. పదో రోజు ఆయన నాకు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వెయ్యడం నేర్పారు. ఇరవై రెండో రోజు ఒకే గొడుగు కింద ఇద్దరం సమంగా తడిసి ఇంటికొచ్చాం. నలభై ఒకటో రోజు ఇంటిల్లిపాదీ కలిసి నది ఒడ్డు పార్కుకు బయల్దేరాం.

ఊళ్ళో అందరికీ అది పార్కు. మా అత్తయ్యకు మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. ఆవిడ అక్కడ తోటపని చేసేవారు. గడ్డి కత్తిరించడం, మొక్కలకు పాదులు తియ్యడం, ఎండాకులు ఊడవడం, పిల్లలు ఊగి విరగ్గొట్టిన కొమ్మలకు గుడ్డపీలికలు కట్టడం. ఆవిడ అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. గేటు కాపలాదారు నుంచి సూపర్‌వైజరు దాకా అందరికీ తోటమ్మే. చివరికి హాజరు పట్టీలో కూడా అదే పేరు ఎక్కిందిట.

ఆ శుక్రవారమే ఆవిడ ఉద్యోగం అయిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారమూ ఆవిడ ఇంట్లో లేరు, జనం విరగబడేది ఆదివారమే కదా. చిన్నప్పుడు ఆయనా వదినా సెలవు రోజున అమ్మతో గడపాలంటే డబ్బా పట్టుకుని పార్కుకే వెళ్ళేవాళ్ళట. వాళ్ళు గడ్డిలో కూర్చుని తింటుంటే ఆవిడ నిలబడే తినేవారట. డ్యూటీలో ఉన్నవాళ్ళు బెంచీల మీద కూర్చోకూడదని రూలు. పోనీ గడ్డి మీదైనా కూర్చోవచ్చు కదా అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదురా" అనేవారట.

ముప్పై ఏళ్ళు దాటిన పనివాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు పార్కు ఆఫీసువాళ్ళు ఒక బెంచీని వాళ్ళ పేరు మీద పెడతారు. ఎక్కడ వెయ్యాలో ఆ మనిషే చూపించుకోవచ్చు. బెంచీ ఆఫీసుది, దాని వీపుకు బిగించే ఇత్తడి పలక ఇంటివాళ్ళది. అంతకు ముందు ఇద్దరికే ఆ గౌరవం దక్కింది. అత్తయ్య మూడో మనిషి. నది మలుపు తిరిగే చోటు చూపించారు. దాని గురించి ఆవిడ ఎక్కడా గొప్పలు పోలేదు గానీ, ఆ నెలలో రెండుసార్లు నన్నొక మాట అడిగారు.

"అమ్మాయ్, అక్కడ కూర్చుంటే నది కనపడుతుందంటావా, పొదలు అడ్డమొస్తాయంటావా? నిలబడితే కనపడుతుంది. కూర్చుని ఎప్పుడూ చూళ్ళేదు."

మా ఆయనది నేమ్ ప్లేట్లు చెక్కే దుకాణం. రెండు గుమ్మాల వెడల్పు. లోపల ఒక మోటారు, ఒక బల్ల, ఒక దీపం. ఇంటి తలుపుల మీద పేర్లు, డాక్టర్ల బోర్డులు, ఆటల పోటీల షీల్డులు, అన్నీ ఆ బల్ల మీద పుట్టినవే. పని ముగిసేసరికి ఆయన కనుబొమల్లో ఇత్తడి పొడి మెరుస్తూ ఉంటుంది. అది నా కొంగు చివరతో దులపడం నా హక్కు అని నాలుగో రోజే తేల్చేశాను. ఆయన చదువుకు పదో తరగతి దగ్గర చుక్కెదురైంది. నేను డిగ్రీ పూర్తి చేశాను. దుకాణానికి వచ్చే కాగితాల్లో ఒత్తులూ దీర్ఘాలూ సరిచెయ్యడం మొదలుపెట్టాక నన్ను 'పంతులమ్మా' అని పిలవడం నేర్చుకున్నారు. ఆ పిలుపు వింటే నాకు లోపల ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టుండేది.

పార్కుకు వెళ్ళే ముందు వారం ఆయన పలక కోసం ఇత్తడి రేకు కోసి, నున్నగా రుద్ది, నా ముందు పెట్టారు.

"పంతులమ్మా, అమ్మ పలక మీద ఏం రాయాలో నువ్వే చెప్పు. నాకు చెక్కడమే వచ్చు, రాయడం రాదు."

ఎంత పొంగిపోయానో! పాత క్యాలెండరు కాగితం వెనక ఆరు రకాలుగా రాశాను. ఒకటి మరీ పొడుగు. ఒకటి మరీ పొడి. చివరికి ఆరోది నచ్చింది: 'ముప్పై ఒక్క ఏళ్ళు ఈ తోటను పెంచిన తోటమ్మ గారి జ్ఞాపకార్థం.' ఆ చివరి మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మా కాలేజీ ఆఖరి రోజున మాకందరికీ తలా ఒక చెక్క ఫలకం ఇచ్చారు. దాని మీద 'కళాశాల జ్ఞాపకార్థం' అని ఉంది. అది పట్టుకుని మేం ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చాం. అంత బరువైన, అందమైన మాట అత్తయ్యకు తప్ప ఇంకెవరికి పెట్టాలి?

ఆయన ఆ కాగితం తీసుకుని అక్షరాలను రేకు మీదికి దించారు. తర్వాత చివరి అక్షరం నుంచి మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చింది.

"అదేంటి, వెనక నుంచి ముందుకా?"

"చదువుకుంటూ చెక్కితే చెయ్యి తొందరపడుతుంది. మాట అయిపోయిందనుకుని మధ్యలో అక్షరం మింగేస్తుంది. వెనక నుంచి వస్తే అది మాట కాదు, వట్టి గీతలు. గీతల్లో తప్పు దొర్లదు."

"అయితే మీరు చెక్కేది మీరు చదవరా?"

"చదవడానికి నువ్వున్నావుగా."

ఆ మాటకు నేను ఆ పూటంతా గాల్లో తేలాను. సున్నా మొదటగా, జ్ఞ తర్వాతెప్పుడో. ఆయన చెక్కుతుంటే నేను పొడి ఊదుతూ పక్కనే కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం ఆయనే వెళ్ళి పలక బిగించి, మీద గుడ్డ కప్పి వచ్చారు. నా కాగితమే ఆఫీసు గుమాస్తాకిచ్చి రిజిస్టరులో రాయించారు.

ఆదివారం పొద్దున్న నేనూ వదినా కలిసి డబ్బాలు సర్దాం. ఉడికించిన గుడ్లు, రొట్టె, ఉప్పూ మిరియాల పొడీ చల్లిన బంగాళదుంప ముక్కలు, ఫ్లాస్కులో టీ. వదిన బట్టలు కుడుతుంది. ఆవిడ నోరు కూడా ఆవిడ సూదిలాంటిదే, ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చుతుంది.

"ఏంటమ్మా కొత్తపెళ్ళికూతురా, గుడ్లు ఎనిమిదే ఉడకేశావు? నీకూ మీ ఆయనకూ కళ్ళతోనే కడుపు నిండుతుందని మాకూ అంతేననుకున్నావా?"

"ఇంకో నాలుగు వేస్తా వదినా."

"వెయ్యి. మావాడికి ఒక్కో చెంపకీ ఒకటి పెట్టి తినిపిస్తావేమో, అవి వేరుగా లెక్కెయ్యి."

అత్తయ్య కొత్త బట్టలు కట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఎప్పుడూ రబ్బరు బూట్లలో చూసిన కాళ్ళు అవి. రెండు అడుగులు వేసి, చెప్పులకేసి ఒకసారి చూసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని నవ్వుకున్నారు. నేను చూశాను.

గేటు దగ్గర కాపలాదారు లేచి నిలబడ్డాడు.

"ఏం తోటమ్మా, ఇవాళ చీపురేది?"

"దానికి సెలవిచ్చా. నువ్వు పుచ్చుకుంటావా?"

"అమ్మో, నాకొద్దు. రేపట్నుంచి కాంట్రాక్టువాళ్ళు దిగుతున్నారు, వాళ్ళకిద్దాం."

లోపల నదిగాలి ఒక్కసారి మొహానికి కొట్టింది. ఎంత బాగుందనీ! బాతు ఆకారంలో ఉన్న తొక్కుడు పడవలు, ఉయ్యాల దగ్గర వరస కోసం కొట్టుకునే పిల్లలు, చాప పరిచిన చోటల్లా ఒక సంసారం. నేనూ ఆయనా బాతు పడవెక్కాం. నేను ఎడమకు తొక్కితే ఆయన కుడికి తొక్కారు. బాతు ఒకేచోట గిరగిరా తిరిగింది. ఒడ్డు మీద నుంచి వదిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "మీ కాపురం ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది!" నేను నవ్వి నవ్వి తొక్కడం మానేశాను. ఆయన చెమట కారుతూ ఒక్కరే మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు.

అత్తయ్య మాత్రం పార్కులోకి వచ్చినట్టే లేరు. నాలుగడుగులు వేస్తే వంగడం, కలుపు పీకడం. వదిన చెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మా, నీ ఉద్యోగం అయిపోయింది. కలుపు ఉద్యోగం దాన్ని చేసుకోనీ."

"ఇదొక్కటే. ఇదొక్కటీ పీకేసి వచ్చేస్తా."

"పొద్దున్నుంచి ముప్పై ఒకట్లు పీకావు."

పన్నెండు గంటలకు బెంచీ దగ్గర గుడ్డ తీస్తారని చెప్పారు. నది వెంబడి బాట పట్టాం. ఆ బాటకు ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఊళ్ళోవాళ్ళు డబ్బు కట్టి వేయించిన బెంచీలు. ఒక బెంచీ మీద ముసలాయన కూర్చుని నిద్రపోతున్నాడు. ఆయన భుజం పక్క నుంచి ఇత్తడి పలక తళుక్కుమంది. ఏ దుకాణంవాళ్ళు చెక్కారో చూద్దామని సరదాగా వంగాను. 'ఇక్కడ సాయంత్రాలు గడిపిన నాన్నగారి జ్ఞాపకార్థం.' కింద రెండు సంవత్సరాలు, మధ్యలో చిన్న గీత.

రెండో బెంచీ. 'మా చిట్టితల్లి జ్ఞాపకార్థం.' ఆ గీతకు అటూ ఇటూ ఉన్న సంవత్సరాల మధ్య ఆరేళ్ళే తేడా.

మూడో బెంచీ. నాలుగోది. నేను నడక తగ్గించాను. పార్కులో ఆ మాట ఉన్న ప్రతి పలకా పోయినవాళ్ళదే. బతికున్నవాళ్ళ మీద ఆ మాట ఎవరూ వెయ్యలేదు. నేనే వేశాను, మా అత్తయ్య మీద.

ఆయన ముందు నడుస్తున్నారు, చంకలో చాప, చేతిలో ఫ్లాస్కు.

"ఏమండీ, ఒక్క మాట."

"బెంచీ దగ్గర చెప్దువుగానీ, పంతులమ్మా. ఫ్లాస్కు కారుతోంది, చెయ్యి కాలుతోంది."

నిజంగా చెప్పాలనుకుంటే చెప్పే వ్యవధి ఉంది. మలుపు ఇంకా రెండు వందల అడుగుల దూరం. డబ్బాల సంచీ కింద పడేసి, ముందుకు పరుగెత్తి, ఏదో వంక పెట్టి ఆ గుడ్డ తియ్యకుండా ఆపించవచ్చు. కానీ నేనేం చేశానంటే, నడుస్తూ నాలో నేను వాదించుకున్నాను. జ్ఞాపకార్థం అంటే గుర్తుగా అనేగా. మా ఫలకం మీద లేదూ? అర్థం తెలిసినవాళ్ళు తప్పు పట్టరు. ఎవరూ అంతగా చూడరు. అత్తయ్యకు చదువు రాదు. ఈ చివరి మాట మనసులో అనుకున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వెయ్యాలి. వెయ్యలేదు, కాస్త ధైర్యం వచ్చింది.

బెంచీ దగ్గర సూపర్‌వైజరు ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ట్యూబు భుజాన వేసుకుని మొక్కలకు నీళ్ళు పెట్టే పెద్దాయన. ఆయన్ను అందరూ పైపు బాబాయ్ అంటారు. ఇంకో ఇద్దరు ఊడ్చేవాళ్ళు. డ్యూటీలో ఉన్నారు కాబట్టి అందరూ నిలబడే ఉన్నారు. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, తోటమ్మ లేని పార్కు పార్కే కాదని, రేపట్నుంచి తనకు భయంగా ఉందని నాలుగు ముక్కలు చెప్పాడు. తర్వాత గుడ్డ తీశాడు.

చప్పట్లు మొదలై, మధ్యలో ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయాయి.

మా ఆయన పలకకేసి చూశారు. తను చెక్కిన దాన్ని ఆయన ముందు నుంచి వెనక్కి చదవడం అదే మొదటిసారి. పెదవులు కదిలాయి. చివరి మాట దగ్గర ఆగిపోయి, నాకేసి చూశారు. కోపంగా కాదు. 'ఇది తప్పా?' అని అడుగుతున్నట్టు.

"ఏం రాశార్రా? ఎవరైనా చదవండయ్యా" అన్నారు అత్తయ్య.

వదిన చటుక్కున అందుకుంది. సూది చేతిలో ఉన్నవాళ్ళకు చిరుగు కనపడగానే చెయ్యి కదులుతుంది కదా. "ముప్పై ఒక్క ఏళ్ళు ఈ తోటను పెంచిన తోటమ్మ గారి గౌరవార్థం" అని గట్టిగా, నిలిపి నిలిపి చదివింది. సూపర్‌వైజరు ఊపిరి వదిలాడు. మళ్ళీ చప్పట్లు పుంజుకున్నాయి. నా గుండె కూడా దాని చోటికి అది వచ్చింది.

అత్తయ్య దగ్గరికి వెళ్ళి పలక మీద వేలు పెట్టారు. చివరి మాట మీద. వేలి గోరు దాని మొదటి అక్షరం కింద వేలాడే మెలికలోకి దూర్చి, బయటికి తీసి చూసుకున్నారు.

"ఇది గౌరవం కాదమ్మా" అన్నారు వదినతో. "నాకు చదువు రాదు గానీ ఈ అక్షరం నాకు రాకపోవడమేంటి? ఇందులో మట్టి ఇరుక్కుంటుంది. గుడ్డతో రాదు. పళ్ళు తోముకునే బ్రష్షు పాతది తీసుకుని తోమాలి. ఈ బాట మీద నలభై మూడు ఉన్నాయి, వారానికి రెండుసార్లు." అంటూ కొడుకు వైపు తిరిగారు. "నేనెప్పుడు పోయానురా?"

పైపు బాబాయ్ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. ఊడ్చేవాళ్ళలో ఒకామె మొహం తిప్పుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"పొరపాటు నాదే అమ్మా" అన్నారు ఆయన. "వేరేవాళ్ళ పలకతో పాటు ఇదీ చేశాను. ఆ మాట దీంట్లో పడిపోయింది."

అబద్ధం ఆయన నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందనీ! నా కోసం వచ్చింది. నాకప్పుడు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తాను: సంతోషం వేసింది. నా మీద ఈగ వాలనివ్వని మనిషి దొరికాడని పొంగిపోయాను. ఎదురుగా ఆయన తల దించుకుని నిలబడి ఉన్నారు.

"పొరపాటా? ముక్కూమొహం తెలియనివాళ్ళ పలకలు తప్పు లేకుండా చెక్కుతావు. అమ్మ దగ్గరికొచ్చేసరికి కళ్ళు ఎక్కడ పెట్టావు? పెళ్ళాం మొహమ్మీదా?" అత్తయ్య గొంతు పెరిగింది. బాట మీద పోయేవాళ్ళు ఆగారు. "ఇంతమంది ముందు నన్ను పైకి పంపించడానికా ఈ ముస్తాబంతా?"

 వదిన నాకేసి ఒకసారి చూసింది. నేను డబ్బాల సంచీ ముడి విప్పి మళ్ళీ కట్టాను.

"ఇప్పుడే విప్పేస్తా. స్క్రూలు నాలుగేగా" అని ఆయన వంగబోతే సూపర్‌వైజరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు నాయనా. నిన్ననే రిజిస్టరులో ఎక్కింది. ఎక్కాక ఆఫీసు సొత్తు. నా చేతుల్లో ఉంటే నేనే విప్పేవాణ్ణి. నా అధికారం ఇవాళ సాయంత్రం దాకానే. రేపట్నుంచి కొత్త ఆఫీసు. ఓ అర్జీ పెట్టుకోండి, మారుస్తారు."

"గుమాస్తా రాసుకునేటప్పుడు చూసుకోలేదా అండీ?" అంది వదిన.

"వాడికి ఆ మాట రాసి రాసి అలవాటైపోయిందమ్మా. లేకపోతేనే అడిగేవాడు."

అప్పుడే ఓ నడివయసు జంట ఆగింది. ఆవిడ పలక చదివి, చేతులు కట్టుకుని నిలబడ్డ మమ్మల్నందర్నీ చూసి, గొంతు తగ్గించి అత్తయ్యనే అడిగింది. "పాపం, ఎప్పుడు జరిగింది? మీకేమవుతారు?"

అత్తయ్య ఆమెకేసి ఒక నిమిషం చూశారు.

"బాగా దగ్గరమ్మా" అన్నారు. "శుక్రవారం దాకా బాగానే ఉంది."

ఆమె తల పంకించి, తన భర్తని లాక్కుని వెళ్ళిపోయింది. ఈసారి పైపు బాబాయ్ కూడా నవ్వలేదు.

"కూర్చో అమ్మా, పోనీ. కూర్చుంటే పలక కనపడదు. వీపుకు అడ్డమొస్తుంది" అంది వదిన బతిమాలుతున్నట్టు.

"పోయినవాళ్ళ బెంచీ మీద అందరూ కూర్చుంటారే. పోయినావిడే వచ్చి కూర్చుంటే జనం జడుసుకోరూ?" అని ఆవిడ చాప అందుకుని, బెంచీకి దూరంగా, పొదల వెనక గడ్డిలో పరిచారు. అక్కణ్ణుంచి నది కనపడదు. పన్నెండు గుడ్లలో తొమ్మిది మిగిలిపోయాయి.

తర్వాతి మూడు రోజుల్లో ఆయన కొత్త పలక చేశారు. ఈసారి మొదటి అక్షరం నుంచి చెక్కారు. ఒక్కో మాట దగ్గరా ఆగి, బయటికి చదివి, మళ్ళీ చెక్కారు. 'గౌరవార్థం' అని తనే కాగితం మీద రాసుకున్నారు. 'థ'కు బదులు 'ధ' పడింది. నేను చూశాను. చెప్పడానికి నోరు రాలేదు. దుకాణానికి వెళ్ళినా పొడి ఊదమని ఆయన అడగలేదు, నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. అడిగితే, "ఏం లేదు, పనిలో ఉన్నా" అన్నారు. అరవడం, అలగడం ఏమీ లేదు. ఇంట్లో అన్నీ మామూలే. నాకు ఈల కూడా బాగా వస్తోంది. ఎవరికోసం వెయ్యాలో తెలియడం లేదు.

అర్జీ వదినే పెట్టించింది. యాభై తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. కొత్త ఆఫీసువాళ్ళ కాగితం, పైన నది బొమ్మ. నేనే చదివి వినిపించాను. కొత్త నిబంధనల ప్రకారం బతికున్నవాళ్ళ పేర్లు బెంచీల మీద ఉండడానికి వీల్లేదట. జ్ఞాపకార్థం పెట్టినవి మాత్రం ఉంటాయట. రిజిస్టరులో తోటమ్మ గారి బెంచీ జ్ఞాపకార్థం కిందే ఉంది కనక దానికేమీ ఇబ్బంది లేదట. మాట మారిస్తే ఆ మనిషి బతికున్నట్టు తేలుతుంది కాబట్టి పలక తీసేస్తారట. ఉంచాలంటే మరణ ధ్రువీకరణ పత్రం నకలు ఒకటి జత చెయ్యాలట.

ఆయన ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి చదువుకున్నారు. బల్ల మీద కొత్త పలక మెరుస్తోంది. దాన్నిక ఎక్కడ బిగించాలి?

"పోనీ మాట మార్చొద్దమ్మా" అన్నారు ఆయన. "అలాగే ఉంటే నీ పేరైనా ఉంటుంది. ఆ పత్రం సంగతి ఎవరు వచ్చి అడుగుతారు?"

"అడిగితే ఏం చేస్తావు? తెస్తావా?" అన్నారు అత్తయ్య.

ఆయన లేచి దుకాణానికి వెళ్ళిపోయారు. వదిన కూడా చెప్పులేసుకుంది. ఇంట్లో నేనూ అత్తయ్యా మిగిలాం. మధ్యాహ్నం రెండవుతోంది. కిటికీలోంచి ఎండ బల్ల మీద సగం దాకా పడింది.

"అమ్మాయ్, కాగితం కలం తీసుకో. అర్జీ రాయాలి."

తెచ్చుకున్నాను. తలవంచి తారీకు వేశాను. ఇక చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది.

"అత్తయ్యా, ఆ మాట రాసింది నేను. ఆయన కాదు. నేను రాసిస్తే ఆయన చెక్కారంతే."

ఆవిడ తలెత్తలేదు. ఆ కొత్త పలకను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో రుద్దుతున్నారు, రుద్దడానికి దాని మీద ఏమీ లేకపోయినా.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది? వాడికి అంత పెద్ద మాట ఎక్కడిది? నా కొడుకు 'అమ్మ బెంచీ' అని రాసుంటాడు, రాస్తే."

"మరి... ఆ రోజు అందరి ముందూ ఆయన్ని అంతలేసి మాటలన్నారు?"

ఆవిడ పలక పక్కన పెట్టారు. నాకేసి సూటిగా చూశారు. కోపం ఉంటే బాగుండేది.

"నువ్వు నోరు విప్పుతావేమోనని చూశాను" అన్నారు. "నువ్వు విప్పేదాకా అందామనుకున్నా. కాసేపటికి వాణ్ణి చూస్తే నాకే జాలేసి ఆపేశాను."

ఏదో ఒకటి అనాలి. క్షమించమని అనాలి. నేను చదువుకున్న మాటల్లో ఒక్కటీ అందలేదు.

"రాయి" అన్నారు ఆవిడ.

"ఏం రాయమంటారు?"

"తోటమ్మ బతికే ఉంది, ఆ పలక తీసెయ్యండి అని రాయి."

నేను మొదలుపెట్టాను. 'గౌరవనీయులైన అధికారి గారి దివ్యసముఖమునకు' దాకా వచ్చేసరికి ఆవిడ చదవమన్నారు. చదివాను.

"అవన్నీ కొట్టెయ్. పెద్ద మాటలు వద్దు."

కొట్టేశాను. 'తోటమ్మ బతికే ఉంది. ఆ పలక తీసెయ్యండి' అని రెండే వాక్యాలు రాసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కాగితం మీదికి వంగి, ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టుకుంటూ, ఎక్కడైనా ఆ మెలిక ఉందేమోనని మొదటి నుంచి చివరిదాకా వెతుక్కున్నారు. లేదని తేల్చుకున్నాకే, హాజరు పట్టీలో పెట్టి పెట్టి అలవాటైన ఆ ఒక్క సంతకం చేశారు.